ఎత్తు పెంచిన థార్‌లో కుటుంబంతో కొండదారులకు

ప్రశ్న: మా మూడు తలుపుల మహీంద్రా థార్‌కు ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు, ముందు ఇనుప బంపరు, పైన రూఫ్ ర్యాక్ పెట్టించాను. శీతకాలంలో అమ్మను, భార్యను, ఎనిమిదేళ్ల పాపను తీసుకుని అరకు వైపు మట్టిదారుల్లో, వాగులు దాటుతూ తిరగాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందుగా కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన నిబంధన కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇనుప బంపర్లపై చర్య తీసుకోమని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ ఈ మార్పులనే సాకుగా చూపవచ్చు కనుక, బయలుదేరే ముందే రవాణా కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ విచారించండి.

ఇక బండి విషయం. ఎత్తు పెంచితే అడుగు రాళ్లకు తగలదు, నిజమే. కానీ బరువు పైకి జరిగి, పక్కవాలులో బోల్తా పడే అవకాశం పెరుగుతుంది. నలుగురు కూర్చుంటే ఈ థార్‌లో సామానుకు చోటు దాదాపు మిగలదు, దాంతో అంతా రూఫ్ ర్యాక్ మీదికి చేరుతుంది. నా మాట వింటే ఆ ర్యాక్‌ను ఇంట్లోనే వదిలి, సామాను తగ్గించండి. వెనుక సీటులోకి ఎక్కడం కష్టం, కుదుపులూ అక్కడే ఎక్కువ. అందుచేత అమ్మగారిని ముందు కూర్చోబెట్టండి. పాప బెల్టు విప్పి నిలబడకుండా చూడవలసిన బాధ్యత వెనుక కూర్చున్నవారిది.

ఈ బండి 650 మిల్లీమీటర్ల లోతు నీటిని దాటగలదని కంపెనీ చెబుతుంది. అది నిలకడ నీటికి పనికివచ్చే కొలతే తప్ప, పారే వాగుకు భరోసా కాదు. నీటి వడి తక్కువగా కనిపిస్తే మీరే కర్రతో దిగి లోతు చూడండి. మోకాలు దాటినా, కాలు నిలవకపోయినా వెనుదిరగండి. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు, నీరు లోపలికి పోయి ఇంజను దెబ్బతింటుంది. నిటారు పల్లంలో ఫోర్ ఎల్‌లో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ బలం అందే అమరికలో) మొదటి గేరు వేసి, బ్రేకు మీద కాకుండా ఇంజను పట్టు మీద దిగాలి.

తోడుగా మరో బండి లేకుండా వెళ్లవద్దు. ఇరుక్కున్నప్పుడు ట్రైలరు తగిలించే గుండుకు తాడు కట్టి లాగకండి. అది ఊడివస్తే తుపాకి గుండులా దూసుకువచ్చి ప్రాణం తీస్తుంది. ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, బిగించిన కొక్కేన్నే వాడి, లాగుతున్నంతసేపు ఇంటివారిని తాడు పొడవుకు మించిన దూరంలో, పక్కగా నిలబెట్టండి. మట్టిలో పట్టు కోసం టైర్లలో గాలి తగ్గిస్తే, తారురోడ్డు ఎక్కే ముందే చిన్న కంప్రెసరుతో తిరిగి నింపి, బండిని టూ హెచ్‌లోకి, అంటే వెనుక రెండు చక్రాలకే బలం అందే అమరికలోకి, మార్చాలి.