మిషన్ సున్నా చూపించినా వణుకు పోలేదా?

ప్రశ్న: మా కారుకి ఈమధ్యే ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించాం. ఊళ్లో తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. హైవే ఎక్కి శ్రీకాకుళం వైపు వెళ్తూ 80 దాటగానే స్టీరింగ్ వణుకుతోంది. 100 దాటితే కాస్త తగ్గుతోంది. షాపువాళ్లు బ్యాలెన్సింగ్ మళ్లీ చేసి, మిషన్ మీద సున్నా చూపించారు. అయినా వణుకు పోలేదు. ఇప్పుడు అలైన్‌మెంట్ చేయించమంటున్నారు. చేయించాలా?
– ఒక టీచర్, నరసన్నపేట

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచున అరిగిపోతుంది. మీరు చెప్పినట్టు ఒక స్పీడులో మొదలై, అది దాటాక తగ్గే వణుకు చాలావరకు బ్యాలెన్సింగ్‌దే, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోవడం వల్లే. స్టీరింగ్‌లో తెలుస్తోంది కాబట్టి ముందు చక్రాలు చూడాలి. సీటు కింద వణికితే వెనక చక్రాలు చూడమనేవాణ్ని. బ్రేకు తొక్కినప్పుడే వణికితే బ్రేక్ డిస్కులు చూపించుకోవాలి.

శ్రీకాకుళంలో టైర్ల షాపు నడిపినవాణ్ని కాబట్టి గట్టిగా చెప్తున్నాను, మిషన్ మీద సున్నా వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. చక్రాన్ని మిషన్ షాఫ్ట్‌కి ఎక్కించి, మధ్య రంధ్రంలో, చక్రాన్ని నడిమధ్యన నిలిపే కోన్ పెట్టి బిగిస్తారు. ఆ రంధ్రం అంచున తుప్పో మట్టో ఉన్నా, కోన్ సైజు సరిపోకపోయినా చక్రం వెంట్రుకవాసి పక్కకి బిగుస్తుంది. పాపం, మిషన్‌కి ఆ సంగతి తెలీదు. పక్కకి బిగిసిన చక్రం రిమ్ముకి ఎన్ని గ్రాముల వెయిట్లు తగిలించాలో లెక్కగట్టి అడుగుతుంది, అవి వేయగానే సున్నా చూపిస్తుంది. చక్రం కారు హబ్ (చక్రాన్ని బిగించే భాగం) మీద సరిగ్గా మధ్యలో కూర్చున్నాక ఆ వెయిట్లే వణుకు పుట్టిస్తాయి.

దీన్ని కనిపెట్టడం తేలిక. సున్నా వచ్చాక, ‘ఒకసారి చక్రం వదులు చేసి, షాఫ్ట్ మీద సగం చుట్టు తిప్పి బిగించి, మళ్లీ తిప్పు బాబూ’ అనండి. మళ్లీ సున్నా గానీ, ఓ ఐదు గ్రాముల తేడా గానీ వస్తే నమ్మొచ్చు. ఇరవై, ముప్పై గ్రాములు చూపిస్తే బిగింపులోనే లోపం ఉంది. మంచి పనివాడెవరూ ఇలా అడిగితే చిన్నబుచ్చుకోడు. విసుక్కునే చోట చేయించుకోకండి.

ముప్పై గ్రాములేగా అనిపిస్తుంది. మామూలు చిన్న కారు చక్రం 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పద్నాలుగు సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఉన్న ఆ ముప్పై గ్రాములు నాలుగు కేజీలకు పైగా బలంతో చక్రాన్ని గుంజుతాయి. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. ఊళ్లో మీకు ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే.

మళ్లీ చేయించేటప్పుడు ముందుగా రిమ్ము లోపలి వైపు కడిగించండి. మన పల్లెల్లో ఉబాల (వరి నాట్ల) రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డంతా బురద చేస్తాయి. అది రిమ్ము లోపల పట్టి ఎండిపోతుంది, బయటి నుంచి కనిపించదు. పాత వెయిట్లన్నీ పీకించాకే చక్రాన్ని మిషన్ ఎక్కించాలి. చక్రం తిరుగుతున్నప్పుడు మీరూ పక్కన నిలబడి రిమ్ము అంచు చూడండి. అది ఊగుతూ తిరిగితే గోతిలో పడి వంగిందన్నమాట. వంగిన రిమ్ముకి ఎన్ని వెయిట్లు వేసినా లాభం లేదు. రిమ్ము బాగానే ఉండి, ఒకే చక్రానికి వంద గ్రాములు దాటి అడుగుతుంటే, గాలి తీసి టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి. చాలాసార్లు సగానికి సగం తగ్గుతుంది.

చక్రం కారుకి బిగించేటప్పుడు, బండి జాకీ మీద ఉండగానే నట్లు చేత్తో పట్టించి, ఒకటి బిగించాక దాని ఎదురుది బిగించాలి. వరసగా బిగిస్తే చక్రం వంకరగా కూర్చుంటుంది.

ఇవన్నీ చేశాక కూడా వణికితే ముందు చక్రాల్ని వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటు కిందికి మారితే లోపం టైరులోనో రిమ్ములోనో ఉంది, కొత్త టైరైనా సరే షాపువాళ్లని మార్చమని అడగండి. మారకపోతే హబ్బు, బేరింగు, స్టీరింగ్ జాయింట్లు మెకానిక్‌కి చూపించాలి.

ప్రశ్న: పంక్చర్ కాకుండా ట్యూబ్‌లెస్ టైర్లలో ద్రవం పోయించాను. బ్యాలెన్సింగ్ పాడవుతుందా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పాడవుతుంది. బండి ఆగి ఉన్నంతసేపూ ద్రవం టైరు అడుక్కి చేరుతుంది. మిషన్ మీద తిప్పిన ప్రతిసారీ వేరే అంకె రావచ్చు. హైవే మీద ఎక్కువగా తిరిగేవారైతే టైరు విప్పించి, లోపల శుభ్రంగా తుడిపించి, ఆ తర్వాత బ్యాలెన్సింగ్ చేయించండి. మేకు దిగితే లోపలి నుంచి ప్యాచ్ వేయించుకోవడమే నయం.