ఇద్దరిదీ పరాయి ఇల్లే

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న మా అమ్మాయి టీవీ సిరీస్‌ల పాత్రలతో ఇంగ్లిష్‌లో కథలు రాస్తుంటుంది. ఆ సిరీస్‌ల మీద హక్కుదారుల అనుమతితో వచ్చే టై-ఇన్ నవలలు రాస్తూ బతుకుతానంటోంది. ఈ మధ్య అలాంటి నవలలు రాసే ఒకాయన ‘అభిమానుల కథలన్నీ దొంగతనమే’ అన్నాడట. అప్పట్నుంచీ ముభావంగా ఉంటోంది. మేమూ మొదట్నుంచీ ఆ మాటే చెబుతున్నాం. ఇదొక కెరీరేనా? సొంత నవలలు రాయడంతో పోల్చి చెప్పండి. – ఒక తల్లి

అమ్మా, సిరీస్ పేరు మారుతుంటుంది గానీ ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. పిల్ల ఏదో తప్పు చేస్తోందని, అందులోనే ఏళ్లు కరిగిపోతాయని మీ భయం. కెరీర్ సంగతి ఆ తర్వాతే.

ముందు ఆయన మాట చూద్దాం. అనుమతి లేకుండా ఆ కథలు అమ్ముకుంటే చిక్కే. ఊరికే పంచుకుంటే చట్టం పట్టించుకోదనీ నేను హామీ ఇవ్వను. కానీ ఆయన రాసే పాత్రలు మాత్రం ఆయనవా? ఇద్దరూ ఉన్నది పరాయి ఇంట్లోనే. ఆయన చేతిలో అద్దె చీటీ ఉంది, మీ అమ్మాయి చేతిలో లేదు. ‘డబ్బు కోసం రాస్తాడు, మా పాత్రల మనసు తెలీదు’ అని అభిమానులు ఆయన్ని దెప్పుతారు. సాహిత్యం వాళ్లు పంక్తిలో కూర్చోనివ్వరు. ఇక ఆయనకు మిగిలింది ఆ చీటీ ఒక్కటే.

అలాగని అభిమానుల కథలకు దూరంగా ఉండే రచయితల జాగ్రత్తంతా అహంకారం కాదు. ‘బాబిలాన్ 5’ టీవీ సిరీస్ సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీకి ఏమైందో మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. తాను అనుకున్న కథలాంటి ఊహనే ఒక అభిమాని ముందుగా బయటపెట్టడంతో ఆ ఎపిసోడ్‌ను పక్కన పెట్టేయాల్సి వచ్చింది. ఆ అభిమాని హక్కు కోరనని రాసిచ్చాకే అది తెరకెక్కింది. అందుకే అభిమానులు కథలు పంపితే చాలామంది రచయితలు తెరిచి చూడరు. దాన్ని అవమానంగా తీసుకోవద్దని చెప్పండి.

ఇక నా అనుమానం. ఇలాంటి అభిమానుల కథల్లో, అంటే ఫ్యాన్ ఫిక్షన్‌లో, చేయి తిరిగాక టై-ఇన్‌లోకి దూకేయొచ్చని ఇప్పుడు ప్రతి పిల్లా అనుకుంటోంది. దూకినవాళ్లు లేకపోలేదు. 1989లో ‘డాక్టర్ హూ’ టీవీలో ఆగిపోయాక, 1991 నుంచి వర్జిన్ సంస్థ తెచ్చిన నవలల్లో కొత్తవాళ్లకు తలుపు తీశారు. అభిమానుల పత్రికల నుంచి వచ్చిన పాల్ కార్నెల్ 1995లో రాసిన నవల, 2007లో ఆయన చేతనే ఎపిసోడ్‌గా మారింది. కానీ తెరపై సిరీస్ లేనప్పుడు తీసిన తలుపది. మామూలుగా ప్రచురణకర్తలే తమకు తెలిసిన రచయితలను పిలిచి పని ఇస్తారు. ఆ పిలుపు రావాలంటే సొంత పుస్తకం చేతిలో ఉండాలి. అంటే మీ అమ్మాయి దగ్గరదారి అనుకుంటున్నది చుట్టుదారి.

పిలిచాక మాత్రం? రాసింది హక్కుదారుదే. ‘వాంపైర్ డైరీస్’ పుస్తకాలు ఎల్.జె. స్మిత్ రాసినవే, టీవీ సిరీస్ తర్వాత వచ్చింది. హక్కులు ఆమెవి కాకపోవడంతో 2011లో ఆమెనే తప్పించారు. తర్వాత అమెజాన్ సంస్థ, హక్కుదారుల అనుమతి పొందిన ఫ్యాన్ ఫిక్షన్‌కు ఒక వేదిక పెడితే, తన పాత్రల కథను ఆమె 2014లో అక్కడ రాసుకుంది. ఆ వేదిక కూడా 2018లో మూతపడింది. ‘స్టార్ ట్రెక్’ నవలాకారులు ఏళ్ల తరబడి నవలలను ఒకదానికొకటి ముడివేసి కథ అల్లారు. 2020లో కొత్త సిరీస్ వేరే దారి పట్టేసరికి, 2021లో మూడు నవలలతో తామే దానికి ముగింపు రాసుకున్నారు.

పోలిక అడిగారు కదా: సొంత నవలకు పాఠకులు దొరకడం కష్టం, దొరికితే వాళ్లు మీవాళ్లే; టై-ఇన్‌కు పాఠకులు ముందే ఉంటారు, వాళ్లు మీవాళ్లు కారు. ఇంతకంటే పోల్చడానికి ఏమీ లేదు.

కోప్పడకండి, ఒకటడుగుతాను. ఇంత ఉత్తరం రాశారు, పిల్ల రాసే కథల్లో ఏముంటుందో ఒక్క ముక్కైనా రాయలేదేం? చదవకుండానే దొంగ అన్నారన్నమాట! ఆ మాట బయటివాడు అంటే రెండు రోజులు బాధపడుతుంది. ఇంట్లో అంటే రాయడం మానేస్తుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో నిజంగా నష్టపోయినవాళ్లు ఫ్యాన్ ఫిక్షన్ రాసినవాళ్లు కారు, రాయడం మానేసినవాళ్లు.

ఆమెకు ఏళ్లేమీ వృథా కాలేదు. సంభాషణ రాయడం, వారం వారం కథ పూర్తి చేయడం, మొహం మీద విమర్శ వినడం, ఇవన్నీ అక్కడే నేర్చుకుంది. డిగ్రీ ఆపనక్కర్లేదు, కథలూ ఆపనక్కర్లేదు. వచ్చే ఏడాదిలోగా పాత్రలన్నీ తనవే అయిన కథ ఒకటి పూర్తి చేయమనండి. అప్పుడు మళ్లీ నాకు రాయండి, ఈసారి ఆమె చేతే రాయించండి.

ఈలోగా ఆమెకు బాగా నచ్చిన కథొకటి అడిగి చదవండి. సిరీస్ చూడలేదు కాబట్టి సగం అర్థం కాదు. ఎవరు ఎవరో ఆమెనే అడగండి.