అమ్మ తెలుగు మీకెందుకు నామోషీ?

సైనిక్‌పురి నుంచి 56 ఏళ్ల సోదరి ఒకరు రాశారు. తండ్రిది శ్రీకాకుళం ప్రాంతం, తల్లిది జలంధర్. తండ్రి సైనికుడిగా 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున పనిచేశారు. చదువంతా పఠాన్‌కోట్, జబల్‌పూర్, సికింద్రాబాద్ కేంద్రీయ విద్యాలయాల్లో సాగింది. కంటోన్మెంటులో ‘మద్రాసీ’ అనీ, సెలవులకు వెళ్తే నాయనమ్మ ఊళ్లో ‘హిందీ పిల్ల’ అనీ ఎగతాళి చేసేవారట. ఇప్పుడు కూతురి పెళ్లి ఏ పద్ధతిలో చేయాలో, అసలు తాను ఏ వైపు మనిషో తేలడం లేదంటున్నారు.

అమ్మా,

పెళ్లి సంగతి ముందు తేల్చేద్దాం, అది పెద్ద చిక్కు కాదు. పంజాబీల ఇళ్లలో పెళ్లికూతురికి చూడా గాజులు తొడిగించేది మేనమామ, మన ఇళ్లలో గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేదీ మేనమామే. మీ తమ్ముడున్నాడు, రెండూ చేస్తాడు. పురోహితుడితోనూ వియ్యాలవారితోనూ ఒక పూట కూర్చుంటే తీరిపోయే దానికి ‘నేనెవరిని’ అన్న ప్రశ్నను తగిలించకండి.

నాన్నగారి పతకాలూ, పోస్టింగులూ, యుద్ధం తర్వాత ఆయన మాటలు తగ్గించుకున్న తీరూ పేజీల కొద్దీ రాశారు. అమ్మ గురించి రాసినవి నాలుగే వాక్యాలు, వాటిలో ఒకటి ఇది: “ఆవిడకు తెలుగు ఇప్పటికీ సరిగా రాదు, పెళ్లివారి ముందు ఎక్కువ మాట్లాడకపోతే బాగుండునని ఉంది.” చదివి నాకు కోపం వచ్చింది, దాచుకోను.

1971 డిసెంబరు 3న మొదలైన యుద్ధం రెండు వారాల్లో ముగిసింది గానీ, 1972 జూలైలో సిమ్లా ఒప్పందం కుదిరాక కూడా, పశ్చిమ సరిహద్దున సైన్యాలు వెనక్కు మళ్లడం పూర్తయ్యేసరికి ఆ ఏడాది డిసెంబరు వచ్చింది. ఫీల్డు పోస్టింగులో భార్యాబిడ్డలకు చోటుండదు కనుక అంతకాలమూ మీ అమ్మగారు, మూడేళ్లయినా నిండని మిమ్మల్ని చంకన వేసుకుని, తన మాట ఒక్కరికీ అర్థం కాని అత్తవారింట ఉన్నారని మీరే రాశారు. ఆవిడ తెలుగు ఆ వంటింట్లో, అత్తగారి కేకలకు బదులు చెప్పుకుంటూ నేర్చుకున్నది. క్వార్టర్సులో మీకు మీలాంటి పిల్లలే పదిమంది తోడుండేవారు, ఆ ఊళ్లో ఆవిడకు తోడెవరు? రెండు సంస్కృతుల మధ్య మీరు పెరిగారు సరే, ఒకదాన్ని వదిలిపెట్టి వచ్చింది ఆవిడ.

మేనత్త పిల్లలు మీ ఉచ్చారణకు నవ్వారన్న మంట ఇన్నేళ్లయినా మీలో చల్లారలేదు. వాళ్లు చేసిన పనే ఇవాళ మీరు కన్నతల్లికి చేస్తున్నారు, నవ్వకుండా చేస్తున్నారంతే. వేళకు అన్నమూ మందులూ ఇవ్వడంతో బిడ్డల బాధ్యత తీరదు, నలుగురిలో కన్నవారి మర్యాద నిలపడం కూడా అందులోదేనని నేను నమ్ముతాను, ఈ విషయంలో నా దగ్గర రాజీ లేదు.

వియ్యాలవారు మాటలకు వచ్చిన రోజున ఆవిడను లోపలి గదిలో కాదు, మీ పక్కన కూర్చోబెట్టండి. మీకు పంజాబీ వచ్చునని రాశారు, ఆవిడతో మాత్రం తెలుగే మాట్లాడతాననీ రాశారు. ఆ రోజు వాళ్ల ఎదుటే పంజాబీలో మాట్లాడండి. జలంధర్ బంధువులకు పిలుపులు ఆవిడ చేతే చెప్పించండి. పెళ్లి పనుల హడావిడి మొదలు కాకముందే, 1972లో ఆ ఇంట్లో రోజులెలా గడిచాయో అడిగి, ఆవిడ ఏ భాషలో చెబితే ఆ భాషలో వినండి. మీ తమ్ముణ్ని కూడా రమ్మనండి.