ఇత్తడి అమరికల పనిపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పద్దెనిమిదో శతాబ్దపు పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ నమూనాలో, మూతి నుంచి మందు కూరే రైఫిల్‌ను అమెరికాలో ఇంటి వద్ద తయారు చేసుకుంటున్నాను. గజం కడ్డీని (మందును, గుండును లోపలికి కూరే కడ్డీని) పట్టి ఉంచే చిన్న గొట్టాలను ఇత్తడి రేకుతో చుడుతుంటే అంచుల వద్ద పగుళ్ళు వస్తున్నాయి. లోపం రేకులో ఉందా, నా చేతిలో ఉందా?

సమాధానం: ముందుగా ఆ రేకు ఏ రకం ఇత్తడితో చేసినదో తెలుసుకోండి. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమమే అయినా, మార్కెట్‌లో దొరికే ఇత్తడి అంతా ఒకటి కాదు. డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు జింకు ఉన్న సీ-260 రకం చల్లగా ఉన్నప్పుడు సుత్తి దెబ్బకు చక్కగా సాగుతుంది కనుక గొట్టాలకు, మూతలకు, రేకుతో చేసే మరే భాగానికైనా దానినే ఎంచుకోవాలి. లేత్ యంత్రంపై సులువుగా కోసుకునేందుకు సుమారు మూడు శాతం సీసం కలిపి తయారుచేసే సీ-360 రకం కడ్డీలు, పట్టీల రూపంలో విరివిగా దొరుకుతాయి. ఆ సీసం యంత్రపు పనికి మేలు చేస్తుంది, వంచే పనికి మాత్రం చేటు చేస్తుంది. మీ దగ్గర ఉన్నది ఈ రెండో రకమైతే ఎంత నేర్పున్నా పగుళ్ళు తప్పవు.

రేకు సరైనదే అయితే, దానిని తగినంతగా మెత్తబరచకుండా వంచుతున్నారని అనుకోవాలి. సుత్తి పడిన ప్రతిసారీ, వంపు తిరిగిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది; ఒక హద్దు దాటాక ఇక సాగలేక చీలిపోతుంది. కాల్చి చల్లార్చడమే ఇందుకు విరుగుడు. వెలుతురు తక్కువగా ఉన్న చోట రేకును మంటతో అంతటా సమంగా వేడి చేస్తూ, మసక ఎరుపు కనిపించీ కనిపించని స్థితిలో మంట తీసేయండి. ఆ స్థితి సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా ఉంటుంది. ఉక్కులా ఇత్తడి నీటిలో ముంచితే గట్టిపడదు కనుక, సీసం లేని రేకును గాలిలో చల్లార్చినా, నీటిలో ముంచినా మెత్తగానే ఉంటుంది. ఎరుపు బాగా తేలేదాకా కాలిస్తే లోహంలోని రేణువులు పెద్దవై, తరువాత వంచినప్పుడు పైభాగం నారింజ తొక్కలా గరుకుగా లేస్తుంది. ఆ గరుకును అరగదీయడానికి రేకు మందం సరిపోకపోవచ్చు. ఇంకా వేడెక్కితే జింకు ఆవిరై తెల్లని పొగగా లేస్తుంది. దానిని పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి కనుక గాలి ఆడే చోటనే ఈ పని చేయాలి.

చుట్టే పద్ధతి విషయానికి వస్తే, కడ్డీ కన్నా కాస్త లావైన ఉక్కు కమ్మీని అచ్చుగా పెట్టుకోండి. అచ్చు వ్యాసం 10 మిల్లీమీటర్లు, రేకు మందం 1 మిల్లీమీటరు అనుకుంటే, గొట్టం చుట్టుకొలతను రేకు మందం మధ్య గీత వద్ద లెక్కించాలి: 11ను 3.14తో గుణిస్తే దాదాపు 34.5 మిల్లీమీటర్లు వస్తుంది. తుపాకి కొయ్యలోకి దిగే రెండు చెవులకు (పట్టీ రెండు అంచులకు) చెరొక 6 మిల్లీమీటర్లు కలిపితే 46.5 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీ కావాలి. రేకును మిల్లులో సాగదీసిన దిశకు వంపు గీత అడ్డంగా వచ్చేటట్టు కత్తిరించుకుంటే పగిలే అవకాశం ఇంకా తగ్గుతుంది. ముందు కొయ్య సుత్తితో యు ఆకారానికి తెచ్చి, తరువాత రెండు అంచులను వైస్‌లో దగ్గరికి నొక్కండి. కడ్డీ కొయ్య లోపలికి ప్రవేశించే చోట ఉండే గొట్టానికి వెనుక ఒక తోక ఉంటుంది. దానిని సుత్తితో పరుస్తూ కొయ్య వంపుకు తగ్గట్టు సాగదీయాలి కనుక మిగిలిన వాటికన్నా ఇది కష్టమైనది. దీనిని ఒకే ఊపున పూర్తి చేయాలని చూడకండి. సుత్తి కింద లోహం ఎదురు తిరుగుతున్నట్టు, మోత మారినట్టు తోచిన వెంటనే ఆపి మళ్ళీ కాల్చండి. పగులు కనిపించాక కాల్చడం వల్ల పగులు పూడదు.

కాల్చినప్పుడు పట్టే నల్లని పొరను గోరువెచ్చని నిమ్మ ఉప్పు నీటిలో నానబెట్టి తీయవచ్చు. ఆ నీటిలోకి ఇనుప పట్టకారు పోనివ్వకండి. పోతే, నీటిలో కరిగి ఉన్న రాగి ఇత్తడిపై గులాబి పొరగా పేరుకుంటుంది.

ప్రశ్న: బట్ ప్లేటును (కొయ్య వెనుక, భుజానికి ఆనే చివర తొడిగే పలకను), ట్రిగ్గర్ గార్డును (మీట చుట్టూ ఉండే కాపును) కూడా రేకుతోనే చేస్తే పాత పద్ధతికి కట్టుబడినట్టు అవుతుందా?

సమాధానం: కాదు. ఆ కాలపు పెన్సిల్వేనియా పనివారు ఈ రెండింటినీ సాధారణంగా ఇసుక అచ్చుల్లో పోత పోసి, ఆకురాయితో రూపం దిద్దేవారు. గొట్టాలు, ప్యాచ్ బాక్సులు (గుండుకు చుట్టే గుడ్డ ముక్కలు దాచుకునేందుకు కొయ్యలో చేసే అరల మూతలు), కొయ్య కొసన తొడిగే మూతలు మాత్రం ఎక్కువగా రేకు పని. కనుక గరుకు పోతను తెప్పించుకుని మీరే అరగదీసి తీర్చుకోవడం సంప్రదాయానికి ఏమాత్రం లోటు కాదు; నిజానికి పనితనం తెలిసేది అక్కడే. పోత నుంచి వచ్చిన ట్రిగ్గర్ గార్డు దాదాపు ఎప్పుడూ కావలసినదానికన్నా మందంగా, మొద్దుగా ఉంటుంది. పాత రైఫిళ్ళను గమనిస్తే గార్డు విల్లు (వేలు దూరే వంపు) అంచులు పలచగా, మధ్య భాగం కాస్త ఉబ్బుగా ఉండి, రెండు కొసలూ కొయ్యలో కలిసిపోయినట్టు సన్నబడతాయి. ఆ సన్నబాటును సాధించేదాకా ఆకురాయి దించకండి.

ఒక్క హెచ్చరిక. పోత ఇత్తడిని కొయ్య వంపుకు సరిపడేలా వంచవలసి వస్తే, ఎర్రగా ఉన్నప్పుడు వంచకండి. చాలా పోతలు ఆ వేడిలో పెళుసుబారి, చేతిలోనే రెండు ముక్కలవుతాయి. కాల్చి, పూర్తిగా చల్లారనిచ్చి, చల్లగా ఉన్నప్పుడే కొద్దికొద్దిగా వంచాలి. బట్ ప్లేటు కొయ్యకు అతికినట్టు కూర్చోవాలంటే దాని లోపలి ముఖానికి దీపపు మసి పూసి కొయ్యపై అదిమి, మసి అంటిన చోట మాత్రమే ఉలితో పలచగా చెక్కుతూ పోవాలి. ఇది ఓపిక పట్టే పనే, అయినా మడమ (బట్ ప్లేటు పై మూల) వద్ద వెంట్రుకవాసి సందు కూడా లేకుండా ఇత్తడి, కొయ్య కలిసిన రైఫిల్‌ను చూసినప్పుడు ఆ ఓపిక ఎందుకో ఎవరికైనా అర్థమవుతుంది.

ప్రశ్న: నా ఆకురాయి ఇత్తడిపై జారిపోతోంది, మధ్యమధ్య లోతైన గీతలు పడుతున్నాయి.

సమాధానం: ఉక్కుపై వాడిన ఆకురాయి ఇత్తడిని సరిగా పట్టదు. కొత్త ఆకురాళ్ళను మొదట ఇత్తడికే కేటాయించి, పదును కొంత తగ్గాక ఉక్కుకు మార్చండి. గీతలకు కారణం పళ్ళ మధ్య ఇరుక్కున్న లోహపు పొడి. ముందే సుద్ద రుద్ది, తరచుగా తీగ బ్రష్‌తో శుభ్రం చేస్తే అది ఇరుక్కోదు. చివరలో ఆకురాయిని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని పొడవునా లాగితే గీతలు సమమవుతాయి. ఆ తరువాతే ఎమెరీ కాగితం 220, 320, 400 వరుసలో వాడండి.

ప్రశ్న: ఇత్తడి ప్యాచ్ బాక్సు లేకపోతే లాంగ్ రైఫిల్ అసంపూర్ణమేనా? ఇలాంటి రైఫిల్ చేసుకోవడానికి అనుమతి కావాలా?

సమాధానం: జర్మన్ వేటగాళ్ళు వాడిన యేగర్ రైఫిళ్ళ నుంచి పుట్టిన తొలి రైఫిళ్ళలో ప్యాచ్ బాక్సుకు జరిపే కొయ్య మూత ఉండేది, కీలు ఉన్న ఇత్తడి మూతలు పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో వ్యాపించాయి. దక్షిణాదిన టెన్నెస్సీ, ఉత్తర కరొలైనా కొండ ప్రాంతాల రైఫిళ్ళలో చాలావాటికి ఇత్తడికి బదులు ఇనుప అమరికలే ఉన్నాయి. కనుక మీరు ఎంచుకున్న ప్రాంతాన్ని, దశాబ్దాన్ని బట్టి నిర్ణయించుకోండి. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పద్ధతిలోని చెక్కడపు మూతను తొలినాటి కొయ్యపై పెడితే రెండూ చెడతాయి. ఇత్తడి మూతే పెట్టాలనుకుంటే, రేకును కోసేటప్పుడు కంసాలి రంపపు బ్లేడు పళ్ళు పిడి వైపు తిరిగి ఉండాలి, రేకు మందంలో ఎప్పుడూ కనీసం రెండు మూడు పళ్ళు పడాలి.

అనుమతి విషయంలో, నల్ల తుపాకి మందు (బ్లాక్ పౌడర్) కోసం రూపొందించిన, గుండూ మందూ ఒకే గొట్టంలో బిగించిన తూటాలు వాడలేని ఇలాంటి రైఫిళ్ళను అమెరికా ఫెడరల్ తుపాకుల చట్టం పురాతన ఆయుధాల కోవలో చేరుస్తుంది. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి కనుక మీ రాష్ట్రపు నిబంధన చదివాకే పనికి పూనుకోండి. ఇతర దేశాల్లో లైసెన్సు లేకుండా తుపాకి తయారీ నేరం కావచ్చు.

ప్రశ్న: కొత్త ఇత్తడి మరీ పచ్చగా మెరుస్తోంది. అమ్మోనియా ఆవిరి పట్టిస్తే పాతదిగా కనిపిస్తుందని విన్నాను. చేయవచ్చా?

సమాధానం: రంగు మారుతుంది, కానీ వంచిన భాగాలకు ఆ పద్ధతిని నేను సిఫార్సు చేయను. బ్రిటిష్ పాలనలోని భారతదేశంలో వానాకాలం ముగిసేదాకా గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన సైనిక తూటాల ఇత్తడి గొట్టాలు వాటంతట అవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడిన అమ్మోనియా, గొట్టాలను సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి ఆ పగుళ్ళను తెచ్చాయని 1921లో వివరించారు. మీ గొట్టాల తోకలలో, మూతల మడతలలో మిగిలేది అటువంటి బిగువే. ఆవిరి పట్టించడం తప్పదనుకుంటే, వంపు పనులన్నీ ముగిశాక భాగాలను 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వరకు కొంతసేపు వేడి చేసి ఆ బిగువును పోగొట్టండి. ఈ వేడికి ఇత్తడి గట్టిదనం పెద్దగా తగ్గదు. టంకంతో అతికిన భాగాలుంటే మాత్రం జాగ్రత్త, ఎందుకంటే తగరం-సీసం టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. వీటన్నిటికన్నా మేలైన దారి మరొకటి ఉంది: 400 కాగితం తరువాత మెరుగు పెట్టడం ఆపేసి, లక్క పూత వేయకుండా వాడుతూ ఉండండి. చేతి చెమటకూ గాలికీ ఇత్తడి కొన్ని నెలల్లో తేనె రంగుకు తిరుగుతుంది, తరచుగా చేయి తగిలే గార్డు విల్లు వద్ద మాత్రం లేత పసుపు నిలుస్తుంది. ఆ తేడాను ఏ ఆవిరీ తీసుకురాలేదు.