తోడికోడలి సంతకం

కావలి దగ్గరి పల్లె నుంచి, పొదుపు సంఘానికి మొదటి లీడర్‌గా ఉన్న ఒకామె ఉత్తరం రాశారు. పిల్లల వ్యాన్ ఫీజుకని, బ్యాంకు అప్పుకు సభ్యులిచ్చిన కిస్తీ డబ్బులో 600 వాడుకుని పది రోజుల్లో పెట్టేశారు. తర్వాత 2,000. రొయ్యల గుంటలో భర్తకు నష్టమొచ్చినప్పుడు 15,000. ఇప్పుడది 38,000. రెండో లీడర్ ఆమె తోడికోడలే. ‘లెక్కలు చూపించక్కా’ అని నలుగురిలో అడుగుతోందట. ‘నగలు తాకట్టు పెట్టి గుట్టుగా సర్దేసి, ఒంట్లో బాగాలేదని తప్పుకుంటాను. ఆమె నోరెలా మూయించాలి?’ ఇదీ ప్రశ్న.

మూయించకూడదమ్మా. ఆ ప్రశ్న అక్కడితో వదిలేయండి.

మిమ్మల్ని చెడగొట్టింది 600 తీయడం కంటే, దాన్ని ఎవరికీ తెలియకుండా తిరిగి పెట్టగలగడం. సంఘం సొమ్ముకు మీకు మీరే అప్పు మంజూరు చేసుకోవచ్చని ఆ రోజు అలవాటైంది. ఇప్పుడు నగలతో చేస్తానంటున్నదీ అదే పని, మొత్తం పెద్దదయిందంతే.

ఆ అమ్మాయి మిమ్మల్ని నమ్మి ఖాళీ విత్‌డ్రా ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చిందని మీరే రాశారు. రేపు గొడవైతే పోలీసులు ఆమెనూ అడుగుతారు. నమ్మకద్రోహానికి భారతీయ న్యాయ సంహిత 316 సెక్షన్ ఉంది. డబ్బు కట్టేసినంత మాత్రాన నేరం మాసిపోదు. ఇంటి చిన్న కోడల్ని ఆమెకు తెలియకుండానే ఇందులోకి లాగి, ఆమె నోటి మీదే ఫిర్యాదా?

ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. సభ్యుల పాసుపుస్తకాల్లో మీరు రాసిన కిస్తీలు, బ్యాంకులో పడినవి పక్కపక్కన వేసి చూడండి. ఒకరి డబ్బు ఇంకొకరి కింద సర్దిన చోట వడ్డీ కూడా పెరిగుంటుంది కాబట్టి మొత్తం 38,000 దాటవచ్చు. పుస్తకంలో అంకె దిద్దొద్దు, పేజీ చించొద్దు. అది ఇంకో నేరం.

ఆ రాత్రే భర్తకు చెప్పండి. మర్నాడు తోడికోడలి ఇంటికి మీరే వెళ్లి, మిగిలిన ఖాళీ ఫారాలు ఆమె ముందే చించేయండి. తర్వాత ఇద్దరూ కలిసి వీఓఏను (గ్రామ సమాఖ్య సహాయకురాలిని) పిలిచి సమావేశం పెట్టించండి. నగల మీద అప్పు బ్యాంకులో తీసుకోండి, తాకట్టు కొట్టుకు పోవద్దు. డబ్బు సంఘం ఖాతాలో నేరుగా జమచేసి, రసీదు తీర్మానాల పుస్తకంలో అంటించండి. చాలనిది నెలకింతని వడ్డీతో సహా తీర్మానం రాయించండి. కిస్తీ 90 రోజులు దాటితే సంఘం అప్పు మొండిబాకీ అవుతుంది, అందుకే ఆలస్యం వద్దంటున్నాను.

వాళ్లు తిడతారు. 1992 సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రూపాయి రూపాయి కూడబెట్టి సంఘాలు కట్టుకున్న నెల్లూరు జిల్లా ఇది, తిట్టే హక్కుంది. కేసు పెట్టాలా వద్దా అన్నదీ వాళ్ల ఇష్టమే, బతిమాలొద్దు. తమంతట తాము వచ్చి లెక్క చెప్పినవాళ్లను సభ్యురాలిగా ఉండనిచ్చిన సంఘాలు ఉన్నాయి.

ఎవరైనా జాలిపడి లీడర్‌గా ఉండమన్నా ఒప్పుకోకండి. బాకీ తీరాక కూడా రెండేళ్లు సంఘం నగదు ముట్టొద్దు. మీ పొదుపు మాత్రం ఒక్క నెల కూడా తప్పకుండా కట్టండి.