బొగ్గుబట్టీ తెలియకుండా పేరు రాయకు

అమ్మా,

క్యోలర్ (బొగ్గు కాల్చేవాడు) అనే జర్మన్ ఇంటిపేరు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. రెండో పేజీలో మాత్రం "వీళ్ళు అడవిలో కట్టెలు తగలబెట్టి బొగ్గు చేసేవారు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. కోపం కూడా వచ్చింది. కట్టెలు తగలబెడితే మిగిలేది బూడిద. బొగ్గు కావాలంటే కట్టెను తగలబడనివ్వకూడదు. ఆ తేడా తెలిసినవాడి పనే ఆ పేరు. దాన్ని ఒక్క వాక్యంలో దాటేసి, వంశచిహ్నం మీద నాలుగు పేజీలు రాశావు.

ముందు బొగ్గుబట్టీ పని రాయి. గాలి కొట్టని చదునైన చోటు, దగ్గర్లో నీళ్ళు చూసుకునేవారు. మధ్యలో గుంజలు పాతి గొట్టంలా ఖాళీ వదిలేవారు. దాని చుట్టూ సుమారు మీటరు పొడవున్న కట్టెలు, ఎక్కువగా బీచ్ అనే యూరప్ చెట్టువి, లోపలికి వాల్చి వరస మీద వరస నిలబెట్టేవారు. వాటి మీద ఆకులు, గడ్డి, రెమ్మలు; ఆపైన మట్టి, పాత బొగ్గుపొడి కలిపిన కప్పు. మధ్య ఖాళీలో నిప్పులు పోసి పైన మూసేస్తే వేడి పైనుంచి కిందికి దిగుతుంది. దాన్ని నడిపించేవి కప్పుకు పొడిచిన కన్నాలు. పొగ తెల్లగా, చిక్కగా వస్తుంటే కట్టెలో తడి ఇంకా పోతోందన్నమాట. నీలంగా పల్చబడితే అక్కడ బొగ్గు తయారైంది. ఆ కన్నం మూసి, దాని కింద కొత్తది పొడవాలి.

ఎక్కడ చెడుతుందో కూడా రాయి. కట్టె కుంచించుకుపోయే కొద్దీ లోపల డొల్ల పడుతుంది. బట్టీ మీదికి ఎక్కి, కర్రసుత్తితో కొట్టి చూసి, డొల్ల ఉన్నచోట కప్పు విప్పి కట్టె కూరి వెంటనే మూయాలి. ఆలస్యమైతే కప్పు కూలుతుంది, గాలి దూరుతుంది, సరుకంతా మంటల పాలు. ఎక్కినవాడి కాలు నిప్పుల్లో దిగబడే ప్రమాదం సరేసరి. అందుకే చిన్న బట్టీకి వారం, పెద్దదానికి రెండు మూడు వారాలు రాత్రింబవళ్ళు కాపలా. జర్మనీలోని హార్ట్స్ కొండల్లో బట్టీ పక్కనే శంకువులాంటి గుడిసె వేసుకుని ఉండేవారు. దూరంగా ఉన్నవాళ్ళకు కబురందించడానికి హిల్లెబిల్లె అనే చెక్కపలకను వేలాడదీసి మోగించేవారు. ఇంతా చేస్తే కట్టె బరువులో బొగ్గుగా దక్కేది ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు. కట్టెను ఇనుము తీసే కొలిమి దాకా మోయడం కన్నా బొగ్గును మోయడం తేలిక కాబట్టి బట్టీయే అడవికి వెళ్ళింది, మనిషీ దాని వెంటే వెళ్ళాడు.

ఇక్కడినుంచి పేరులోకి రా. అందరూ బొగ్గు కాల్చే గూడెంలో ఎవరినీ క్యోలర్ అని పిలవాల్సిన అవసరం లేదు. ఆ మాటతో మనిషిని గుర్తుపట్టలేరు. ఆ పని ఒకటి రెండు కుటుంబాలే చేసే ఊళ్ళో, లేదా అడవి నుంచి ఊళ్ళోకి వచ్చి స్థిరపడినవాడికి అది అతుక్కుంటుంది. కాబట్టి "ఈ పేరున్నవాళ్ళంతా ఒకే మూలపురుషుడి సంతానం" అన్న నీ వాక్యం కొట్టెయ్. పేరు ఎన్నో ఊళ్ళలో విడివిడిగా పుట్టింది.

పేరు తండ్రినుంచి కొడుక్కి దిగడం పట్టణాల్లో 12వ శతాబ్దంలో మొదలై పల్లెలకు మెల్లగా పాకింది. అలా స్థిరపడ్డాక పేరొకటి, పనొకటి. 1455లో ఆల్టెన్‌బుర్గ్ కోటనుంచి సాక్సనీ రాకుమారులు ఎర్న్‌స్ట్, ఆల్బ్రెష్ట్‌లను ఎత్తుకుపోతే, ఆల్బ్రెష్ట్‌ను విడిపించినవాడు ఒక బొగ్గుబట్టీ మనిషి అని చెప్పుకుంటారు. ఆ కథలో అతని పేరు గేయోర్గ్ ష్మిట్, అంటే కమ్మరి! ఇది నీ వ్యాసంలో లేదు. తప్పకుండా చేర్చు.

స్పెల్లింగు దగ్గర తొందరపడకు. జర్మనీ అంతటా ప్రభుత్వ జనన మరణ రిజిస్టర్లు వచ్చింది 1876లో. అంతకుముందు పాస్టరు చెవికి ఎలా వినపడితే అలా రాసేవాడు. ఉత్తరాన కేలర్, నైరుతిలోనూ స్విట్జర్లాండ్‌లోనూ కోలర్. మన అపార్ట్‌మెంట్ల కుళాయిల మీద కనిపించే కోలర్ కూడా ఈ కుదురుదే: ఆస్ట్రియానుంచి అమెరికా వెళ్ళిన జాన్ మైకేల్ కోలర్ 1873లో విస్కాన్సిన్‌లో పెట్టిన కంపెనీ అది. 1984లో వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న జార్జ్ క్యోలర్ గురించి నువ్వు రాసిన పేరా బాగానే ఉంది, కానీ ఆయన ప్రయోగశాలకూ బొగ్గుకూ ముడిపెట్టకు.

వంశచిహ్నం బొమ్మ తీసెయ్. చిహ్నం ఒక కుటుంబానికి చెందుతుంది, పేరు కలిసిన ప్రతివాడికీ కాదు. పేరు కొడితే చిహ్నం అచ్చువేసి అమ్మే దుకాణాల సరుకది. "మీ పేరు వెనక రహస్యం" లాంటి శీర్షికలకు ఎగబడే ఎడిటర్లు ఆ బొమ్మను ఉంచి నీ బట్టీ పేరాను కోస్తారు. పని వివరం పాఠకుడికి విసుగు అని ఎవరో ఒకనాడు తేల్చేశారు, తక్కినవాళ్ళు దాన్నే పట్టుకు వేలాడుతున్నారు. బట్టీ కోస్తామంటే వ్యాసం వెనక్కి తెచ్చుకో.

పని ఎలా తగ్గిందో రెండు వాక్యాలు చాలు. ఇంగ్లండులో 1709లో ఏబ్రహాం డార్బీ కట్టెబొగ్గుకు బదులు కోక్‌తో (రాతిబొగ్గును కాల్చి చేసే ఇంధనం) ఇనుము తీశాడు; నాటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో గ్లైవిట్స్‌లో 1796లో కోక్‌తో నడిచే కొలిమి వెలిగింది. 2014లో జర్మనీ ఈ వృత్తిని తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది, కాబట్టి "పూర్తిగా అంతరించింది" అని రాయకు.

ప్రచురణకర్తల సంగతి అడిగావు, అది తర్వాత. ముందు బట్టీ పేరా తిరగరాసి పంపు. కన్నాలు ఎప్పుడు మూస్తారో అందులో ఉండాలి.