డాక్యుమెంటరీ తీయాలంటే టీమ్ అంతా సినిమా చదివినవాళ్లే కావాలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ బాధితుల మీద నలుగురు స్నేహితులు కలిసి సొంతంగా డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నామని రాశారు. ఒకరు ల్యాబ్ టెక్నీషియన్, ఒకరు పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్, ఇద్దరు ప్రైవేటు స్కూలు టీచర్లు. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కినవాళ్లు ఒక్కరూ లేరు, ఇలాంటి టీమ్‌తో పనవుతుందా అన్నది మీ ప్రశ్న.

అవుతుంది. అయితే ఎవరి పాత ఉద్యోగం సినిమాలో దేనికి పనికొస్తుందో షూటింగ్‌కి ముందే కూర్చుని తేల్చుకోవాలి.

నేను శ్రీకాకుళం జిల్లాలో మండల విలేకరిగా పనిచేశాను. ఆ తర్వాత పొందూరు ఖాదీ మీద తీసిన ఒక డాక్యుమెంటరీకి సమాచార సేకరణ, సబ్‌టైటిళ్లు చూశాను. మా డైరెక్టర్ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్. కెమెరా పట్టింది ఆమదాలవలసలో పెళ్లిళ్లు తీసే కుర్రాడు. సౌండ్ చూసింది విజయనగరం చుట్టుపక్కల జాతరలకు మైక్‌సెట్ పెట్టే ఆయన. ప్రొడక్షన్ అంతా మోసింది ఒక ఎల్‌ఐసీ ఏజెంటు. సినిమా చదువు ఉన్నది ఎడిటర్‌కి మాత్రమే. ఆవిడ పుణె ఇన్‌స్టిట్యూట్‌లో చదివి హైదరాబాద్‌లో ఉంటున్నారు.

వీళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది మైక్‌సెట్ ఆయన గురించే. పొందూరులో పత్తిని గింజ తీయకముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకుండే సన్నటి పళ్ల వరసలో పోగు సాఫీ అవుతుంది, నలుసులు రాలిపోతాయి. అప్పుడు వచ్చే చప్పుడు చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడదు. మాకు ఆ చప్పుడు కావాలి. మే నెల, ఫ్యాన్ ఆపితే ఆ పెద్దావిడ చెమటతో తడిసిపోతోంది. ఇంకెవరైనా అయితే "ఓ పది నిమిషాలు ఓర్చుకో అమ్మా" అనేవారు. ఆయన ఒప్పుకోలేదు. తెల్లవారుజామున, ఫ్యాన్ అవసరం లేని వేళకి వద్దామన్నారు. ఆ వేళకి గుడి మైకు మొదలవుతుందని తెలిసి, ఆ మైకు నడిపే మనిషితో తనే మాట్లాడి ఆ ఒక్కరోజు కాస్త ఆలస్యంగా పెట్టించారు. సినిమాలో ఇప్పటికీ నాకు ఎక్కువ ఇష్టమైనది ఆ చప్పుడే. అంతా అయ్యాక గదిలో ఎవరినీ కదలనివ్వకుండా ఖాళీ గది నిశ్శబ్దాన్ని కూడా కొంతసేపు రికార్డు చేశారు. దాని విలువ ఎడిటింగ్‌లో తెలిసింది. రెండు మాటల మధ్య అతుకు కనపడకుండా చేసేది అదే.

పెళ్లిళ్ల కెమెరామన్లను తక్కువగా చూసేవాళ్లంటే నాకు కోపం. తాళి కట్టే క్షణం ఒక్కసారే వస్తుంది, "మళ్లీ కట్టండి" అనడానికి లేదు. వందల మంది అడ్డం వస్తుంటే, లైటు మారిపోతుంటే, ఆ క్షణాన్ని వదలకుండా పట్టుకోవడం వాళ్లకు రోజూ ఉండే పని. డాక్యుమెంటరీకి సరిగ్గా కావాల్సిందీ అదే. మానుకోవాల్సిన అలవాటు ఒకటుంది, "ఇటు చూడండి, కొంచెం నవ్వండి" అనడం. మావాడు ఒక వారంలో మానేశాడు. మీ వీడియోగ్రాఫర్‌కి కూడా ఆ మాట మొదటి రోజే చెప్పండి.

షూటింగ్ తేదీలు కూడా వీళ్ల ఉద్యోగాలే పెట్టాయి. మాఘం, ఫాల్గుణం, శ్రావణం వస్తే కెమెరా కుర్రాడు ఆర్డర్లతో ఊపిరాడకుండా ఉంటాడు. మూఢం, ఆషాఢం వస్తే ఖాళీ. లెక్చరర్‌కి వేసవి సెలవులు. ఏజెంటుకి మార్చి అంతా టార్గెట్ టెన్షన్. ఇవన్నీ కలిసే రోజులు పంచాంగంలో వెతుక్కుని షూటింగ్ పెట్టుకున్నాం. సొంత డబ్బుతో తీసేవాళ్లకు ఇంకో దారి లేదు. ఇలా చేయడం వల్లే ఎవరి ఇంట్లోనూ పొయ్యి ఆరలేదు.

ఎల్‌ఐసీ ఏజెంటు ఎందుకని చాలామంది అడిగారు. ఏ ఇంటికి ఏ వేళకి వెళ్లాలో, ఏ ఇంట్లో ముందు ఎవరితో మాట్లాడాలో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి. ఒక ముసలమ్మ "ఏటి బాబూ, ఈ ఫొటోలు తీస్తే పింఛనేటైనా వస్తాదేటి?" అని అడిగింది. మేం తడబడుతుంటే ఆయన సూటిగా చెప్పారు, "రాదమ్మా. దీనివల్ల నీకు డబ్బులేం రావు. ఇష్టమైతేనే కూకో". ఆ తర్వాత అంగీకార పత్రం వాళ్ల యాసలో గట్టిగా చదివి వినిపించారు, సినిమా పూర్తయ్యేలోపు ఎప్పుడు వద్దన్నా తీసేస్తామన్న మాటతో సహా. పాలసీ నిబంధనలు దాచిపెట్టి అమ్మితే రేపు ఆ ఊళ్లో తిరగలేమని తెలిసిన మనిషి ఆయన.

డాక్యుమెంటరీ చరిత్ర చూసినా ఇలాంటివాళ్లే కనిపిస్తారు. ఫ్రాన్స్‌కి చెందిన జాన్ రూష్ సివిల్ ఇంజనీరు, 1941లో రోడ్ల పని మీద నైజర్ వెళ్లి అక్కడి మనుషుల మీద ఆసక్తితో మానవశాస్త్రంలోకి, సినిమాలోకి వచ్చాడు. అమెరికాలో 1960 ప్రాంతంలో భుజాన మోసే కెమెరాతోనే మాట, బొమ్మ కలిసి రికార్డయ్యేలా చేసిన బృందంలో ఉన్న లీకాక్ ఫిజిక్స్ చదివాడు, పెన్నెబేకర్ ఇంజనీరింగ్ చదివాడు. ఫ్రెడరిక్ వైజ్‌మన్ లా పాఠాలు చెప్పేవాడు. మానసిక రోగులైన ఖైదీలను ఉంచే చోటికి తన విద్యార్థులను చూపించడానికి తీసుకెళ్లేవాడు. డైరెక్టర్‌గా తన మొదటి సినిమా అక్కడే తీశాడు. షూటింగుల్లో సౌండ్ కూడా తనే చూసుకునేవాడు. మన ఆనంద్ పట్వర్ధన్ చదివింది ఇంగ్లిష్ సాహిత్యం, సోషియాలజీ. వీళ్లందరికీ పాత చదువో ఉద్యోగమో చూపు ఇచ్చింది.

అయినా ఎడిటర్ విషయంలో మాత్రం సర్దుకోవద్దు. డబ్బంటూ ఖర్చు పెడితే అక్కడ పెట్టండి. మా ఎడిటర్‌కి మన యాస సగం అర్థం కాదు. ప్రతి మాటా టైమ్‌కోడ్‌తో, అంటే అది వీడియోలో ఏ నిమిషం ఏ సెకనులో వస్తుందో వేసి, రాసి పంపేదాన్ని. విసుగు పుట్టే పనే, కానీ అందులో ఒక లాభం ఉంది. మాకు తెలిసిందే కదా అని వదిలేసినవన్నీ ఆవిడ అడిగారు, ఈమెకు రోజుకి ఎంత వస్తుంది, ఈమె కూతురు ఎందుకు వడకడం లేదు అని. ఆ రెండో ప్రశ్నే చివరికి సినిమాకి వెన్నెముక అయింది. ఊరివాళ్లే నిండిన టీమ్‌కి బయటి మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి.

ఇక మీ టీమ్. టీచర్లిద్దరూ పిల్లల ద్వారా ఇళ్లు తెలిసినవాళ్లు, మాట్లాడడం, వినడం వాళ్లకి అప్పగించండి. ఒకరు సౌండ్ నేర్చుకోవచ్చు, తరగతి గదిలో వెనక బెంచీ గుసగుస పట్టే చెవి వాళ్లది. ల్యాబ్ టెక్నీషియన్ మీకు పెద్ద బలం. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె పెరిగితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆయన రోజూ చూస్తారు. కానీ ల్యాబ్‌లో చూసిన పేరు, రిపోర్టు ఏదీ ఆయన నోటి ద్వారా సినిమాలోకి రాకూడదు. బాధితులు తమంతట తాము చెప్పిందే వాడండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

ఉద్దానం మనుషులు కెమెరాలు చూసి చూసి అలిసిపోయారని గుర్తుంచుకోండి. ఎన్నో పరిశోధనలు జరిగాయి, జబ్బుకి కారణం ఇదేనని ఇంకా ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, అప్పుడూ బోలెడు కెమెరాలు వచ్చాయి. డయాలసిస్‌కి కూర్చుంటే నాలుగు గంటల పని, వారానికి రెండు మూడుసార్లు. ఆ ప్రయాణంలో, ఆ నిరీక్షణలో పక్కన కూర్చునే ఓపిక ఉన్నవాళ్లు మీలో ఎవరో చూసుకోండి, డైరెక్టర్ ఆ మనిషే కావాలి. డబ్బు ఎవరు ఎంత పెడుతున్నారో, రేపు ఏమైనా వస్తే ఎలా పంచుకోవాలో కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టాకే కెమెరా తీయండి.